ఏడీహెచ్‌డీ మాత్రలు, నిద్ర ఆపే మాత్రలు: పర్లాకిమిడి వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టరుని కాను, ఫార్మసిస్టుని. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న గజపతి జిల్లాలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి, ఒక చెవితో తెలుగు, ఒక చెవితో ఒడియా వింటూ పనిచేస్తాను. ఈ మాత్రల గురించి మా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు భయంతో వస్తారు, కొందరు ఆత్రంతో వస్తారు. భయంతో వచ్చినవాళ్ళు అవసరమైన మందు మానేస్తారు. ఆత్రంతో వచ్చినవాళ్ళు అవసరం లేని మందు అడుగుతారు. ఇద్దరికీ నష్టమే. అందుకే వాళ్ళు అడిగే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ రాసిపెడుతున్నాను. మోతాదు ఎంత, మొదలుపెట్టాలా మానాలా అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

అసలు ఇవి ఏ మాత్రలు?

మన దగ్గర ముఖ్యంగా రెండు పేర్లు వినపడతాయి. మొదటిది మిథైల్‌ఫెనిడేట్. ఇన్‌స్పైరల్, అడ్‌వైజ్ అనే బ్రాండ్లలో వస్తుంది. దేనిమీదా ధ్యాస నిలవని జబ్బుకు, అంటే ఏడీహెచ్‌డీకి ఎక్కువగా ఇస్తారు. నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బుకు కూడా పనికొస్తుంది. రెండోది మోడాఫినిల్, దాని తోబుట్టువు ఆర్మోడాఫినిల్. ఇవి పగలు ఆపుకోలేని నిద్ర వచ్చేవాళ్ళకి.

అమెరికాలో ఉన్న చుట్టాలు ఆడరాల్, వైవాన్స్ అని చెబుతుంటారు. అవి యాంఫెటమిన్ జాతి మందులు, మన దేశంలో మందుల షాపుల్లో అమ్మరు. తెచ్చిపెట్టమని ఎవరినీ అడగకండి. ఎందుకో పోలీసుల ప్రశ్న దగ్గర చెప్తాను.

ఆటమాక్సెటిన్ అని మరొకటుంది. అది కూడా ఏడీహెచ్‌డీకే వాడతారు కానీ హుషారెక్కించే రకం కాదు. పనిచేయడం మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి పది రోజులకే "ఏం తేడా లేదు" అని పారేయొద్దు.

మిథైల్‌ఫెనిడేట్ హుషారెక్కించే మందు కదా, అసలే గెంతులేసే పిల్లాడికి ఎందుకిస్తారు?

అందరికీ వచ్చే అనుమానమే ఇది. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు బెంజెడ్రిన్ అనే యాంఫెటమిన్ మందును పిల్లలకిచ్చి చూశాడు. చాలామంది కుదురుగా కూర్చుని లెక్కలు చేసుకోవడం చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. మిథైల్‌ఫెనిడేట్ తర్వాత వచ్చింది, 1944లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీలో తయారైంది. అంటే ఇవి నిన్నమొన్నటి మందులు కావు. పిల్లల మందుల్లో ఇంతకాలంగా, ఇంత లోతుగా పరీక్షించినవి తక్కువ.

పనిచేసే తీరు ఇదీ. మెదడులో డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోస్తాయి. కబురు అందగానే వాటిని వదిలిన నరమే మళ్ళీ లోపలికి లాగేసుకుంటుంది. మిథైల్‌ఫెనిడేట్ చెరువు తూము మూసినట్టు ఆ దారి మూస్తుంది. దాంతో ఆ రసాయనాలు ఇంకాసేపు అక్కడే నిలుస్తాయి. "ఆగు, ముందు ఇది పూర్తిచెయ్" అని చెప్పే మెదడు ముందుభాగానికి బలం వస్తుంది. పిల్లాడి ఒంటిని మందు కట్టేయదు, తనను తాను పట్టుకునే శక్తి ఇస్తుంది.

మామూలు మాత్ర అరగంట నుంచి గంటలోపు పని మొదలుపెట్టి మూడు నాలుగు గంటలు ఉంటుంది. నెమ్మదిగా కరిగే రకాలు రకాన్నిబట్టి ఆరు నుంచి పన్నెండు గంటలు పనిచేస్తాయి. సాయంత్రానికి మందు ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వేయాలి.

మా బాబు క్లాసులో వినట్లేదని మాస్టారు అంటున్నారు. మాత్ర మొదలుపెట్టమంటారా?

ఆగండి. ఈ ప్రశ్నకు నేను ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన ప్రాంతంలో పొరపాటు జరిగేది ఇక్కడే.

ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడిని ఒడియా బడిలో వేస్తాం. పాఠం సగం అర్థం కాకపోతే ఏ పిల్లాడైనా కిటికీలోంచే చూస్తాడు. దాన్ని జబ్బు అనలేం. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పట్టుబట్టి ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. పిల్లాడికి తెలియని భాషలో చెప్పి వాడికి తెలివి లేదనడం అన్యాయమని మన ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

కాబట్టి ముందు చూడాల్సింది ఇది: ఇంట్లో, తెలుగులో, తనకిష్టమైన పనిలో కూడా ఇలాగే ఉన్నాడా? ఏడీహెచ్‌డీ అయితే లక్షణాలు ఒక్కచోటే ఉండవు. ఇంట్లోనూ బడిలోనూ, కనీసం రెండు చోట్ల కనపడాలి. పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. ఆరు నెలలకు తగ్గకుండా సాగాలి. చదువుకో, స్నేహాలకో, ఇంటికో నిజంగా అడ్డు పడాలి. ఒక చిక్కు ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడు కూడా ఫోన్‌లో ఆటైతే గంటలకొద్దీ ఆడగలడు. "ఫోన్ మీద ధ్యాస ఉంది, పుస్తకం మీదే లేదు, కాబట్టి అంతా నాటకం" అని తేల్చేయకండి.

తర్వాత ఒంట్లో ఇంకేమైనా ఉందేమో చూడాలి. రక్తం తక్కువైన పిల్లాడు మందకొడిగా ఉంటాడు. మన వైపు సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉంది, మలేరియా ఉంది, నులిపురుగులున్నాయి. చెవి సరిగా వినపడని పిల్లాడు పిలిచినా పలకడు. టాన్సిల్స్ పెద్దవై రాత్రంతా గురకపెట్టే పిల్లాడు పగలు చిరాగ్గా, కుదురు లేకుండా ఉంటాడు. అచ్చం ఏడీహెచ్‌డీలాగే కనపడుతుంది. కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి మళ్ళీ మామూలైతే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. ఇవన్నీ తేల్చిన తర్వాతే మాత్ర మాట.

మాస్టారికి డాక్టరు ఒక ప్రశ్నల కాగితం పంపిస్తారు. అది ఆయనకు ఒడియాలోనో, అర్థమయ్యేలా నోటిమాటగానో చెప్పి నింపించండి. "బాగా అల్లరి" అని ఒక్క ముక్క రాసి పంపితే డాక్టరుకి ఉపయోగం లేదు.

ఆరేళ్ళలోపు పిల్లలైతే మందు కంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు: రోజూ ఒకే వేళకు పనులు, చిన్న చిన్న సూచనలు, మంచి చేసినప్పుడు వెంటనే మెచ్చుకోవడం. పెద్ద పిల్లలకు మందు ఇచ్చినా ఇవి మానకూడదు.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

మానసిక వైద్యులు, పిల్లల నరాల డాక్టర్లు, ఈ విషయం తెలిసిన పిల్లల డాక్టర్లు చూస్తారు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక విభాగం ఉంది. అటు విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే పాసింజరు మన ఊరి మీదుగానే పోతుంది. ఎటు వెళ్ళాలో తేలకపోతే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

పిచ్చాసుపత్రికి వెళ్ళారని ఊళ్ళో అనుకుంటారేమో అని కొందరు నెలల తరబడి వాయిదా వేస్తారు. ఆ నెలల్లో పిల్లాడు బడిలో తిట్లు తింటూనే ఉంటాడు.

మిథైల్‌ఫెనిడేట్ ప్రతి షాపులో ఎందుకు దొరకదు? దాచిపెడుతున్నారా?

దాచిపెట్టడం లేదండి. ఆ మందు డ్రగ్స్ నిబంధనల్లో షెడ్యూల్ ఎక్స్ అనే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో ఉంది. అమ్మాలంటే షాపుకి వేరే లైసెన్సు కావాలి. బీరువాలో తాళం వేసి పెట్టాలి, ప్రతి మాత్రకీ రిజిస్టర్‌లో లెక్క రాయాలి. అందుకే చిన్న ఊళ్ళ షాపులవాళ్ళు చాలామంది ఆ జోలికి పోరు. స్ట్రిప్పు మీద ఎడమవైపు పైమూలన ఎర్ర అక్షరాలతో XRx అన్న గుర్తు కనపడేది ఇలాంటి మందులకే.

కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. షెడ్యూల్ ఎక్స్ మందుకు డాక్టరు చీటీ రెండు కాపీలు కావాలి. ఒకటి షాపువాళ్ళు ఉంచుకుని రెండేళ్ళు భద్రపరచాలి. డాక్టరు గది నుంచి బయటకు వచ్చేముందే రెండో కాపీ అడిగి తీసుకోండి. ఒక్క చీటీతో ఇంత దూరం వచ్చి, ఇవ్వలేమని మేం చెబితే, పిల్లాడిని చంకనేసుకుని వెనక్కి వెళ్ళే తల్లి ముఖం చూడటం మాకూ కష్టంగానే ఉంటుంది. చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సంతకం, మందు పేరు, ఎంత బలం, ఎన్ని మాత్రలు అన్నవి స్పష్టంగా ఉండాలి. ఇన్నిసార్లు ఇవ్వొచ్చని డాక్టరు రాయకపోతే అదే చీటీ మీద రెండోసారి ఇవ్వకూడదు.

మాత్రలు అయిపోయే రోజుదాకా ఆగకండి. ఇంకా పది రోజుల మందు ఉండగానే వెతకడం మొదలుపెట్టండి. దసరాకో, రథయాత్రకో ముందైతే ఇంకా త్వరగా.

శ్రీకాకుళం డాక్టరు రాసిన చీటీ ఒడిశాలో చెల్లుతుందా? ఫోన్‌లోనే రాయించుకోవచ్చా?

రిజిస్టరైన డాక్టరు రాసిన సరైన చీటీకి రాష్ట్రం సరిహద్దు అడ్డు కాదు. పాతపట్నం అవతల రాసినా ఇక్కడ చెల్లుతుంది. ఆ మందు ఉన్న షాపు దొరకడమే ఇబ్బంది.

ఫోన్‌లో, వీడియోలో మాత్రం కుదరదు. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులు, ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందకొచ్చే మందులు దూరం నుంచి రాయకూడదు. మిథైల్‌ఫెనిడేట్ ఆ రెంటిలోనూ ఉంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూపించి ఇవ్వమని అడగకండి. ఇస్తే మా లైసెన్సు పోతుంది, పైగా మీ పిల్లాడి బీపీ ఎవరూ చూడకుండానే మందు సాగిపోతుంది.

బస్సులో తెచ్చుకుంటుంటే పోలీసులు ఆపితే?

గంజాయి రవాణా వల్ల ఆంధ్ర, ఒడిశా సరిహద్దు దారుల్లో తనిఖీలు ఎక్కువ. సంచి విప్పమంటారు. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉన్న మందు కాబట్టి అడిగే హక్కు వాళ్ళకుంది. చీటీతో, సొంత వైద్యం కోసం ఉంచుకునే హక్కు మీకూ ఉంది. నిబంధన ప్రకారం ఒక మనిషి తన వైద్యానికి ఒకేసారి 100 మోతాదుల వరకు ఉంచుకోవచ్చు. దీర్ఘకాల వైద్యమని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే 300 వరకు. అంతకు మించి పోగుచేయకండి.

స్ట్రిప్పుల్లోంచి మాత్రలు తీసి డబ్బాలో పోసి తీసుకురావొద్దు. పేరున్న స్ట్రిప్పు, చీటీ, బిల్లు మూడూ ఒకే కవర్లో పెట్టుకోండి. పక్కింటివాళ్ళకి తెచ్చిపెట్టడం, చుట్టాల చేత విదేశాల నుంచి తెప్పించుకోవడం మాత్రం చేయకండి. చీటీ ఒకరిది, మాత్ర ఇంకొకరి చేతిలో ఉంటే చట్టం మంచితనాన్ని లెక్కలోకి తీసుకోదు. గల్ఫ్‌కి పనికి వెళ్ళేవాళ్ళు ఇక్కడే ఉండగా ఆ దేశం అనుమతి కనుక్కోవాలి. అక్కడ ఈ మందుల మీద చాలా కట్టుదిట్టం.

మాత్ర మొదలుపెట్టాక అన్నం ముట్టడం లేదు. ఏం చేయను?

తల్లులు ఎక్కువగా అడిగేది ఇదే, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆకలి చచ్చిపోవడం ఈ మందుతో అన్నిటికన్నా ఎక్కువగా కనపడే ఇబ్బంది. మధ్యాహ్నం మందు జోరుగా ఉన్నప్పుడు నోట్లో ముద్ద పెట్టుకోవాలనిపించదు. మొండితనం అనుకుని కొట్టి తినిపించకండి.

మార్గం ఏమిటంటే, మందు లేని వేళలను వాడుకోవాలి. పొద్దున మాత్ర వేయకముందే కడుపునిండా పెట్టండి. చద్దన్నంలో పెరుగు, గుడ్డు, చోడి అంబలి, ఇడ్లీ, ఏది ఇష్టంగా తింటే అది. అంతా తిన్నాక మాత్ర. మధ్యాహ్నం క్యారేజీలో ఎక్కువ పెట్టి వెనక్కి తెచ్చుకునేకంటే అరటిపండో, వేరుశనగ ఉండో, కూరగాయలు వేసిన పప్పు దాలమాతో నాలుగు ముద్దల అన్నమో పెట్టండి. మందు దిగిపోయాక, రాత్రి ఏడెనిమిది గంటలకి ఆకలి ఒక్కసారిగా వస్తుంది. అప్పుడు వంట సిద్ధంగా ఉండాలి. ఆ వేళకు "ఇప్పుడేం తిండి" అనొద్దు. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు.

నెలకోసారి ఒకే తూకం మీద బరువు చూడండి, గోడ మీద గీత పెట్టి ఎత్తు రాయండి. ఆ కాగితం డాక్టరుకి చూపించండి. బరువు తగ్గుతూ పోతుంటే మోతాదో, మందో మారుస్తారు, లేదా సెలవుల్లో ఆపమంటారు. అది ఆయన నిర్ణయం. మీ అంతట మీరు ఆదివారాలు ఆపేయకండి.

ఎండాకాలంలో మన బళ్ళు పొద్దున పూటకి మారతాయి. అప్పుడు మాత్ర వేళ కూడా మారాలి కదా. ఆ సంగతి వేసవికి ముందే అడిగి ఉంచుకోండి.

ఎత్తు పెరగడని, గుండె పాడవుతుందని అంటున్నారు. నిజమేనా?

కొందరిలో ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో తేడా చాలావరకు ఒకటి రెండు సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అందుకే ఎత్తు రాయమని చెప్పింది.

గుండె వేగం, బీపీ కొద్దిగా పెరుగుతాయి. మామూలు గుండె ఉన్న పిల్లాడికి అది ప్రమాదం కాదు. కానీ పుట్టుకతో గుండె జబ్బు ఉన్నా, ఆడుతూ ఆడుతూ స్పృహతప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా అది డాక్టరుకి ముందే చెప్పి తీరాలి. "ఎప్పుడో తాతగారి సంగతి" అని వదిలేయకండి. కంటిలో నీటికాసులు, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, ఫిట్స్, విపరీతమైన ఆందోళన ఉన్నా చెప్పాలి. జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ లాంటి మందులు ఉంటాయి, అవి కూడా బీపీ పెంచుతాయి. షాపులో జలుబుకి మాత్ర అడిగేటప్పుడు పిల్లాడు ఏ మందు మీద ఉన్నాడో మాకు చెప్పండి.

తలనొప్పి, కడుపునొప్పి మొదటి వారాల్లో వచ్చి చాలామందికి తగ్గిపోతాయి. రాత్రి నిద్ర పట్టకపోతే చివరి మాత్ర ఆలస్యమవుతోందేమో చూడండి. సాయంత్రం వేళ వేయకూడదు. మందు దిగేటప్పుడు ఒక అరగంట ఏడుపు, చిరాకు ఉండొచ్చు. ఆ వేళకు హోంవర్క్ పెట్టకండి.

మాత్ర వేస్తే పిల్లాడు మొద్దులా అయిపోతాడా?

అలా అయితే మోతాదు ఎక్కువైందని అర్థం, లేదా ఆ మందు వాడికి సరిపడలేదని. సరైన మోతాదులో పిల్లాడు తన అల్లరితో, తన నవ్వుతో తనలాగే ఉంటాడు. పని మాత్రం పూర్తిచేస్తాడు. అందుకే తక్కువతో మొదలుపెట్టి వారం వారం చూస్తూ పెంచుతారు. నవ్వడం మానేశాడనిపిస్తే వెంటనే చెప్పండి.

దొడ్డికి వెళ్ళినప్పుడు మాత్ర అలాగే పడింది. పనిచేయలేదా?

పనిచేసింది. కొన్ని దీర్ఘకాల మాత్రల పైపెంకు కరగదు, లోపలి మందు ఖాళీ అయ్యాక పెంకు బయటికి వస్తుంది. భయపడి ఇంకో మాత్ర వేయకండి. ఈ రకం మాత్రలను నూరకూడదు, విరవకూడదు, నమలకూడదు. అలా చేస్తే పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది. మింగలేని పిల్లాడైతే ఆ సంగతి డాక్టరుకి చెబితే వేరే రకం రాస్తారు.

జీవితాంతం అలవాటైపోతుందా? పెద్దయ్యాక మత్తుకి పోతాడా?

డాక్టరు చెప్పిన మోతాదులో నోటి ద్వారా వేసుకునే పిల్లల్లో మత్తు అలవాటు పెరుగుతుందని తేలలేదు. వైద్యం లేని ఏడీహెచ్‌డీయే కుర్రాళ్ళని సిగరెట్‌కి, సారాకి, దుడుకు డ్రైవింగ్‌కి ఎక్కువగా తోస్తుంది. కానీ ఇదే మందుని మోతాదు మించి, చీటీ లేకుండా వాడితే అలవాటు పడటం నిజం. చట్టం ఇంత కట్టడి పెట్టింది అందుకే. ఇంట్లో కూడా తాళం వేసే చోటే పెట్టండి, మాత్రలు లెక్క చూసుకోండి.

కొందరికి పెద్దయ్యాక అవసరం తగ్గుతుంది, కొందరికి ఉంటుంది. ఏడాదికోసారి డాక్టరు పర్యవేక్షణలో ఆపి చూడటం మామూలే.

మా అమ్మాయి కూర్చున్నచోటే నిద్రపోతుంది, నవ్వితే కూలబడిపోతుంది. ఇది ఏ గాలి?

గాలి కాదమ్మా, నార్కోలెప్సీ కావచ్చు. మెదడులో మనల్ని మెలకువగా నిలిపే ఓరెక్సిన్ అనే రసాయనం ఉంటుంది. 1998లో దాన్ని కనుగొన్నారు. దాన్ని తయారుచేసే కణాలు నశిస్తే మెలకువకీ నిద్రకీ మధ్య గట్టు తెగిపోతుంది. నిద్ర వేళ కాని వేళ ముంచుకొస్తుంది. గట్టిగా నవ్వినా, కోపమొచ్చినా మోకాళ్ళు సడలి కూలబడతారు, స్పృహ మాత్రం ఉంటుంది. నిద్రలోకి జారేటప్పుడో, లేచేటప్పుడో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, కాలుచేయి కదలనట్టు, గదిలో ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తుంది. అది చెప్పగానే మన ఇళ్ళలో దయ్యం అంటారు, గుణియా అనే మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు. తాయెత్తు కట్టినా సరే, పరీక్ష మాత్రం మానొద్దు. ఈ జబ్బు చాలామందికి పదేళ్ళ వయసు దాటాకే బయటపడుతుంది. ఆడపిల్లయితే సోమరిపోతు అని, పెళ్ళికి పనికిరాదని ముద్ర వేస్తారు. ఆ పిల్ల తప్పేమీ లేదు.

నిద్ర పరీక్ష పెద్ద ఊళ్ళలో చేస్తారు. రాత్రంతా తలకి, ఛాతీకి వైర్లు పెట్టి పడుకోబెడతారు. మర్నాడు రెండేసి గంటలకోసారి కునుకు తీయమంటారు. సగటున ఎనిమిది నిమిషాల్లోపే నిద్రపట్టడం, కనీసం రెండు కునుకుల్లో కలల నిద్ర వెంటనే రావడం చూసి తేలుస్తారు.

వైద్యంలో మోడాఫినిల్ ముఖ్యం, పొద్దున్నే వేస్తారు. దానితో చాలకపోతే మిథైల్‌ఫెనిడేట్. కూలబడటాన్ని తగ్గించడానికి వేరే మందులున్నాయి. మధ్యాహ్నం ఒక పావుగంట కునుకు కూడా మందుకి తోడుగా సాయపడుతుంది, బడిలో అందుకు అనుమతి అడగండి. పొయ్యి దగ్గర, బావి దగ్గర, చెరువులో ఒంటరిగా ఉండనివ్వకండి. డాక్టరు సరేననేదాకా బండి నడపకూడదు.

మోడాఫినిల్ వాడేవాళ్ళు ఏం చూసుకోవాలి?

ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్ళు, జ్వరం వస్తే ఆ పూటే మందు ఆపి ఆస్పత్రికి వెళ్ళండి. అరుదే కానీ ప్రాణం మీదికి రావచ్చు.

ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది: ఈ మందు గర్భనిరోధక మాత్రల బలం తగ్గిస్తుంది. మందు వాడినంతకాలం, ఆపిన తర్వాత ఒక నెల, వేరే పద్ధతి ఉండాలి. గర్భంలో ఈ మందు బిడ్డకు మంచిది కాదు. ఈ మాట అడగడానికి మొగుడి ముందు మొహమాటపడే ఆడవాళ్ళను చూశాను. కౌంటర్ పక్కకి వచ్చి అడగండి, మెల్లగా చెప్తాం.

రాత్రి లారీ నడపాలి, నిద్ర రాకుండా మాత్ర ఇవ్వండి.

ఇవ్వను. చీటీ లేకుండా మోడాఫినిల్ అమ్మడం నేరం. పైగా ఆ మాత్ర నిద్రని తీర్చదు, తెలియకుండా చేస్తుంది. హైవే మీద చేయి, కన్ను అలసిపోయే ఉంటాయి, మనసు మాత్రం బాగున్నాననుకుంటుంది. ఇచ్ఛాపురం దాటాక ఏదో ఒక దాబా దగ్గర బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి.

కాగితం మిల్లులోనో, అల్యూమినా ఫ్యాక్టరీలోనో ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీ చేసి నిజంగా నిద్ర తప్పినవాళ్ళుంటారు. అది షిఫ్ట్ డ్యూటీ వల్ల వచ్చే నిద్ర జబ్బు, డాక్టర్లు దానికి మోడాఫినిల్ రాస్తారు కూడా. గట్టిగా గురకపెట్టే లావుపాటి మనిషైతే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో ముందు పరీక్ష చేయించుకోవాలి. ఆ జబ్బుకి మొదటి వైద్యం నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే మిషను, మాత్ర కాదు.

నీట్ రాస్తున్నాను, ర్యాంకు కోసం వాడొచ్చా?

వద్దు నాన్నా. జబ్బు లేనివాళ్ళకి ఈ మాత్రతో తెలివి పెరగదు. ఎక్కువసేపు మేలుకుంటావు, చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి అదే పోగొట్టుకుంటావు. గుండె దడ, టెన్షన్, పరీక్ష ముందురోజు నిద్ర పట్టకపోవడం అదనం. నిజంగా చిన్నప్పటి నుంచి ధ్యాస నిలవకపోతే డాక్టరుకి చూపించుకో. ఫ్రెండ్ దగ్గర స్ట్రిప్పు తీసుకోకు.

బాబుని ఇంటర్ చదువుకి విశాఖ హాస్టల్‌లో వేస్తున్నాం. మందు ఎలా?

వార్డెన్‌తో ముందే మాట్లాడి, చీటీ కాపీ ఇవ్వండి. నెల మాత్రలన్నీ పిల్లాడి పెట్టెలో పెట్టకండి. తోటి పిల్లలు అడుగుతారు, దొంగతనం కూడా జరుగుతుంది. వార్డెన్ బీరువాలో ఉంచి రోజూ ఒకటి ఇచ్చే ఏర్పాటు చేయించండి. ఒప్పుకోని హాస్టలైతే పొద్దున ఒక్కసారి వేస్తే చాలే రకం గురించి డాక్టరుని అడగండి. కొత్త డాక్టరుకి చూపించాల్సి వస్తుంది కాబట్టి పాత రిపోర్టులన్నీ ఒక ఫైలులో పంపండి. మన దగ్గర ఒడియాలో రాసిన బడి కాగితాలుంటే తెలుగులో ఒక పేజీ రాసి జతచేయండి.

బ్రాహ్మి లేహ్యం, సరస్వతీ ఆకు వాడితే చాలదా?

వాడితే వాడుకోండి, కానీ మాత్రకి బదులుగా కాదు. రెండూ కలిపి వాడుతుంటే డాక్టరుకి చెప్పండి. కాఫీ, ఎనర్జీ డ్రింకులు మాత్రం ఈ మందుతో కలిపి వద్దు.

నాకు ముప్పై అయిదేళ్ళు. ఇప్పుడు ఏడీహెచ్‌డీ అని తేలుతుందా?

తేలుతుంది. కొత్తగా పుట్టదు, చిన్నప్పటి నుంచి ఉన్నదే ఇప్పుడు పేరు పెట్టించుకుంటుంది. ఆడపిల్లల్లో గెంతులు తక్కువ, పరధ్యానం ఎక్కువ కాబట్టి బడిలో ఎవరూ పట్టించుకోరు. పిల్లాడిని చూపించడానికి వచ్చి, డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ "ఇవన్నీ నాకూ ఉన్నాయి" అని ఆగిపోయే తల్లులున్నారు. పెద్దవాళ్ళకీ ఇవే మందులు. బీపీ, షుగరు, డిప్రెషన్ మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఎప్పుడు ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి?

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి ఆడకపోవడం. లేని మాటలు వినపడటం, లేనివి కనపడటం. చనిపోవాలని మాట్లాడటం. మగపిల్లల్లో అంగం గంటల తరబడి గట్టిపడి నొప్పిగా ఉండటం, దీన్ని సిగ్గుతో దాస్తారు కాబట్టి మీరే అడగండి. తమ్ముడో చెల్లో ఆ మాత్రలు మింగేసినా అంతే, 108కి ఫోన్ చేసి స్ట్రిప్పు చేతిలో పట్టుకుని వెళ్ళండి.

పొద్దున మాత్ర మర్చిపోయాం. ఇప్పుడు వేయొచ్చా?

మామూలు రకమైతే మధ్యాహ్నంలోపు గుర్తొస్తే వేయొచ్చు. దీర్ఘకాల రకమైతే పొద్దున గడిచిపోయాక వేయకండి, రాత్రంతా మేలుకుంటాడు. ఆ రోజుకి వదిలేసి మర్నాడు మామూలు వేళకే, ఒక్కటే వేయండి. నిన్నటిది కలిపి రెండు వేయకూడదు.